ఉన్న సిబ్బందితోనే ఆరోగ్య కేంద్రంలో నిరీక్షణ తగ్గించడం ఎలా?

ప్రశ్న

నేను ఒక సామాజిక ఆరోగ్య కేంద్రంలో పరిపాలన వ్యవహారాలు చూస్తున్నాను. డాక్టరు అపాయింట్‌మెంట్ దొరకడానికి రోగులకు వారాలు పడుతోంది, తీరా ఆ రోజు వచ్చేసరికి చాలామంది రావడం లేదు. నర్సు పోస్టులు కొన్ని ఎంతోకాలంగా ఖాళీగా ఉండటంతో ఉన్నవారు అదనపు డ్యూటీలు చేసి అలసిపోతున్నారు. కొత్త నియామకాలు నా చేతిలో లేవు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

మొదటి జవాబు (వైద్యుడు)

ముందు నిరీక్షణను సరిగా కొలవండి. ప్రతి వారం ఒకే రోజున, ఒకే సమయానికి, ఒక్కో డాక్టరు పట్టికలో మూడో ఖాళీ ఎన్ని రోజుల తర్వాత ఉందో రాసుకోండి. మొదటి రెండు ఖాళీలు ఎవరో చివరి క్షణంలో రద్దు చేసుకోవడం వల్ల ఏర్పడినవి కావచ్చు కనుక వాటిని లెక్కలోకి తీసుకోరు. ఆ సంఖ్య నెలల తరబడి పెరుగుతూనే ఉంటే డాక్టర్లు నిజంగా చాలడం లేదన్నమాట. అలా కాక, ఎక్కువగా ఉన్నా నిలకడగా ఉంటే, ఏ రోజు గిరాకీ ఆ రోజు పనితో దాదాపు సరిపోతోందనీ, మీరు మోస్తున్నది ఇదివరకు పేరుకుపోయిన అపాయింట్‌మెంట్ల పాత బాకీ మాత్రమేననీ అర్థం. కొన్ని వారాలు అదనపు ఓపీ నడిపి ఆ బాకీ తీర్చి, తర్వాత ప్రతిరోజూ కొంత సమయాన్ని ముందుగా ఎవరికీ కేటాయించకుండా ఆనాటి రోగుల కోసం ఉంచండి. అమెరికాలో వైద్యుడు మార్క్ మర్రే, నర్సు కేథరిన్ టాంటో 1990ల్లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇదే. నిరీక్షణ తగ్గితే రానివారి సంఖ్య కూడా చాలావరకు తగ్గుతుంది.

రెండో జవాబు (నర్సు)

డాక్టరు గారు చెప్పిన కొలత మంచిదే కానీ, అదనపు ఓపీ భారం మళ్లీ నర్సుల మీదే పడుతుందని మనవి. బీపీ, షుగరు అదుపులో ఉన్నవారు మందుల కోసం ప్రతిసారీ డాక్టరును కలవనక్కరలేదు. ఏ అంకె దాటితే డాక్టరు వద్దకు పంపాలో రాతపూర్వకంగా నిర్ణయించి, స్థానిక నిబంధనలు అనుమతించిన మేరకు ఆ పరీక్షలను నర్సుకు అప్పగించండి. బదులుగా రిజిస్టర్లు నింపడం, ఫైళ్లు వెతకడం వంటి పనులను మా నుంచి తప్పకుండా తీసివేయాలి.

ఇక ఖాళీ పోస్టుల సమస్య మీ ఒక్కరిదే కాదు. ప్రపంచ జనాభాలో దాదాపు సగం గ్రామాల్లో ఉంటే, అక్కడ పనిచేసే నర్సులు 38 శాతమేననీ, వైద్యులు నాలుగో వంతు కన్నా తక్కువేననీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో పేర్కొంది. సిబ్బంది నిలవడానికి డబ్బు ఒక్కటే చాలదని, నివాసం, పని వాతావరణం, ఎదుగుదల కూడా ముఖ్యమని ఆ సంస్థ సూచించింది. మీ చేతిలో ఉన్నది రోస్టరు, అంటే డ్యూటీల పట్టిక: నెల ముందే ప్రకటించండి, మంజూరు చేసిన సెలవును రద్దు చేయకండి.

ప్రశ్న అడిగినవారు

నర్సు చూస్తే రోగులు ఒప్పుకుంటారా?

మూడో జవాబు (ఆరోగ్య కార్యకర్త)

డాక్టరే మొదటిసారి రోగి ఎదుట నర్సును పరిచయం చేసి, "ఇకపై మీ బీపీ ఈమె చూస్తారు, అవసరమైతే నా దగ్గరకు పంపుతారు" అని చెబితే చాలామంది ఒప్పుకుంటారు. కౌంటరు దగ్గర ఆ మాట చెబితే తమను పక్కన పెట్టారనుకుంటారు. రానివారి విషయానికొస్తే, వారిలో చాలామందికి పని మానుకుంటే ఆ రోజు కూలి పోతుంది. వారానికి ఒక్క సాయంత్రమైనా ఓపీ పెట్టండి, ముందురోజు ఫోన్ చేసినప్పుడు రాగలరా అని అడిగి, రాలేమన్నవారికి అప్పుడే మరో తేదీ ఇవ్వండి.