సింప్సన్ ఎడారి దాటే ముందు: క్లబ్బులో చేరాలా, ఏం చదవాలి? అనుభవజ్ఞుల సలహాలు కావాలి

గోదారిగట్టు (మెల్బోర్న్)
అందరికీ నమస్కారం. వచ్చే శీతకాలంలో, అంటే జులై ప్రాంతంలో, రెండు కుటుంబాలం కలిసి రెండు బండ్లలో ఆస్ట్రేలియా నడిమధ్యనున్న సింప్సన్ ఎడారిని దాటాలని అనుకుంటున్నాము. మా బండి ప్రాడో, స్నేహితులది ల్యాండ్ క్రూయిజర్. విక్టోరియా కొండదారుల్లో కొంత తిరిగిన అలవాటు ఉంది కానీ, ఇసుక ఎడారి మా ఇద్దరికీ కొత్త. ఎవరిని అడిగినా ఏ టైర్లు కొనాలి, ఎంత ఎత్తు పెంచాలి, వించి (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం) ఉండాలా వద్దా అన్న విషయాలే చెబుతున్నారు. నాకు తెలియవలసినవి వేరే ఉన్నాయి. ఫోర్ వీల్ డ్రైవ్ క్లబ్బులో చేరితే నిజంగా ఉపయోగం ఉంటుందా? వెళ్ళేముందు ఏవి చదవాలి? వెళ్ళివచ్చినవారు దయచేసి వివరంగా రాయగలరు.

ఎర్రదిబ్బ (అడిలైడ్)
గోదారిగట్టు గారూ, జులై మంచి కాలమే. వేసవి ఎండల ప్రమాదం వల్ల డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు దక్షిణ ఆస్ట్రేలియా వైపు ఎడారి పార్కును పూర్తిగా మూసివేస్తారు. మిగిలిన కాలంలో వెళ్ళాలన్నా ఎడారి పార్కుల పాస్ ముందే తీసుకోవాలి. 2021లో ఈ ప్రాంతాన్ని ముంగా-తిర్రి–సింప్సన్ ఎడారి జాతీయ పార్కుగా ప్రకటించారు. దాదాపు 36 లక్షల హెక్టార్ల విస్తీర్ణంతో దేశంలోకెల్లా పెద్ద జాతీయ పార్కు ఇదే.

ఎటు నుంచి ఎటు వెళ్ళాలన్నది మీరు ముందుగా తేల్చుకోవలసిన విషయం. దాటవలసిన ఇసుక దిబ్బలు సుమారు 1,100 ఉంటాయి, అన్నీ ఉత్తర వాయవ్యం నుంచి దక్షిణ ఆగ్నేయం వైపు ఒకదానికొకటి సమాంతరంగా సాగుతాయి. వాటి పడమటి వాలు మెల్లగా ఎక్కుతుంది, తూర్పు వాలు నిటారుగా దిగుతుంది. అందువల్ల మౌంట్ డేర్ నుంచి బర్డ్స్‌విల్ వైపు, అంటే పడమర నుంచి తూర్పుకు వెళ్ళేవారికి శ్రమ తక్కువ. తూర్పుకు పోయేకొద్దీ దిబ్బల ఎత్తు పెరుగుతుంది కాబట్టి, చివర బర్డ్స్‌విల్‌కు 35 కిలోమీటర్ల దూరంలో ఉన్న సుమారు 40 మీటర్ల ‘బిగ్ రెడ్’ అనే దిబ్బ దగ్గరికి చేరేసరికి మీకు ఇసుక మీద చెయ్యి తిరిగి ఉంటుంది, బండిలో ఇంధనం బరువు కూడా తగ్గి ఉంటుంది. బర్డ్స్‌విల్ దగ్గర సంగీతోత్సవం జరిగే ఏడాదైతే మాత్రం జులైలో ఆ చివర జనసందోహం విపరీతంగా ఉంటుంది, తేదీలు చూసుకోండి.

బండి ముందుభాగాన జెండా కర్ర తప్పనిసరి, దాని పైకొన నేల నుంచి 3.5 మీటర్ల ఎత్తున ఉండాలి. దిబ్బ శిఖరం మీద అవతలి వాహనం కనబడదు, ఇద్దరూ ఒకే సమయంలో వేగం పుంజుకొని ఎక్కితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ట్రైలరు లాగే ఆలోచన ఏదైనా ఉంటే మానుకోండి, పార్కు అధికారులు కూడా అదే చెబుతారు.

పాలపిట్ట (మెల్బోర్న్)
క్లబ్బు గురించి నేను చెబుతాను. విక్టోరియాలో చాలా క్లబ్బులు నెలకొకసారి సమావేశమవుతాయి. సభ్యత్వం తీసుకోకముందే అతిథులుగా వెళ్ళి వెనక వరుసలో కూర్చొని వినవచ్చు. టీ విరామంలో జరిగే సంభాషణే అసలు సమావేశమని నా అభిప్రాయం. మీరు వెళ్ళబోయే దారిలో పోయిన నెలే వెళ్ళివచ్చినవారు అక్కడ ఒక్కరైనా ఉంటారు, ఐర్ క్రీక్‌లో నీళ్ళు ఉన్నాయా, ఫ్రెంచ్ లైన్ అనే ఎడారి దారి మీద గుంతలు ఎలా ఉన్నాయి అన్న సంగతి వారికి తెలిసినంత తాజాగా ఏ పుస్తకంలోనూ దొరకదు.

చాలా క్లబ్బుల్లో కొత్త సభ్యులు ప్రాథమిక శిక్షణ పూర్తిచేస్తే తప్ప కష్టమైన యాత్రలకు రానివ్వరు. లో రేంజి గేర్లు ఎప్పుడు వాడాలి, ఎక్కలేక ఆగిపోయిన కొండవాలు నుంచి రివర్సులో తిన్నగా ఎలా దిగాలి, ఇరుక్కున్న బండిని ఏ క్రమంలో బయటికి తీయాలి, ఇవన్నీ చేయించి చూపిస్తారు. నడిపే వ్యక్తి మాత్రమే కాకుండా పక్కన కూర్చునేవారు కూడా ఈ శిక్షణ తీసుకోవడం ఎంతో అవసరం. మన కుటుంబాల్లో స్టీరింగు ఒక్కరి చేతిలోనే ఉండిపోతుంది, ఆ మనిషికి జ్వరం వస్తే దిబ్బల నడుమ బండి ఎవరు తోలాలి?

ఈ శిక్షణలో నాకు మరపురానిది లాగుడు పట్టీ గురించిన పాఠం. స్నాచ్ స్ట్రాప్ సాగుతుంది, సాగినప్పుడు దానిలో నిలవయ్యే శక్తి అంతా ఒక్కసారిగా ఇరుక్కున్న బండి మీదికి వస్తుంది. దాన్ని టో బాల్‌కు, అంటే ట్రైలరు తగిలించే ఇనుప గుండుకు, తగిలించి లాగితే అది విరిగి తుపాకీ గుండులా ఎగిరి రావచ్చు. ఈ దేశంలో అలా ప్రాణాలు పోయిన సందర్భాలు ఉన్నాయి. బండిని లాగడానికే బిగించిన, బరువు సామర్థ్యం ముద్రించి ఉన్న రికవరీ పాయింట్లకే తగిలించాలి, పట్టీ తెగితే ఎగరకుండా దాని మధ్యన బరువైన డ్యాంపెనర్ వేయాలి, చూసేవారందరూ దూరంగా పక్కకు జరగాలి. అంతకంటే ముందు పార తీసి చక్రాల ముందున్న ఇసుక తవ్వాలి. పది నిమిషాలు తవ్వడానికి బద్ధకించేవాళ్ళే పట్టీ మీదికి ఎగబడతారు.

బండ్లన్నీ వరుసగా సాగే కాన్వాయ్ పద్ధతి కూడా అక్కడే ఒంటబడుతుంది. ముందు నాయకుడు, చివర అనుభవం గల మరొకరు ఉంటారు, దారి మళ్ళిన ప్రతిచోటా వెనక బండి కనబడేవరకు ముందు బండి ఆగి ఉండాలి. ఈ ఒక్క నియమం పాటిస్తే ఎవరూ తప్పిపోరు.

నల్లరేగడి (సిడ్నీ)
పాలపిట్ట గారి మాటల్ని కాదనను గానీ, క్లబ్బు అందరికీ పడదు. సమావేశంలో సగం సమయం కార్యవర్గ నివేదికలకే పోతుంది, శనివారాలు పిల్లల సంగీతం, క్రికెట్ తరగతులు ఉన్నవారికి యాత్రల క్యాలెండరు కుదరదు. పైగా పది బండ్ల కాన్వాయ్‌లో ఒక్కొక్క దిబ్బ దగ్గర అందరూ ఎక్కేదాకా ఎదురుచూడటం నాకు ఓపికకు పరీక్షగానే అనిపించింది. డబ్బు తీసుకొని ఒకటి రెండు రోజుల్లో నేర్పే శిక్షణ సంస్థలు ఉన్నాయి, వాటిలో నేర్చుకొని రెండు మూడు బండ్లుగా వెళ్ళడమే నాకు నచ్చిన మార్గం.

పాలపిట్ట (మెల్బోర్న్)
పది బండ్లు ఎక్కువే, ఒప్పుకుంటాను. ఎడారికి నాలుగైదు చాలు. అయితే ఆ నాలుగైదు ఎవరివి అన్నదే ప్రశ్న. చిన్న యాత్రల్లో కలిసి తిరగనివారితో నేరుగా ఎడారికి బయలుదేరితే, రెండో రోజుకే ఎవరు ఎప్పుడు లేస్తారు, ఎవరు ఎంత వేగంగా వెళ్తారు అన్నచోట మనస్పర్థలు మొదలవుతాయి. క్లబ్బు లేకపోయినా సరే, మీ రెండు కుటుంబాలు ముందు ఒక వారాంతం వొన్నంగట్టా లోయలోనో డార్గో వైపో గుడారాలు వేసుకొని గడపండి. ఆ కొండదారులు చాలావరకు జూన్ మధ్య నుంచి అక్టోబరు చివరివరకు మూసి ఉంటాయి కాబట్టి జులై యాత్రకు సన్నాహం ఏప్రిల్, మే నెలల్లోనే జరగాలి.

తంగేడుపువ్వు (పెర్త్)
చదవవలసిన వాటి గురించి అడిగారు కదా, ఈ చర్చలో నాకు ఇష్టమైన భాగం అదే.

ఆస్ట్రేలియా ఎడారి దారుల గురించి చదవాలంటే లెన్ బీడెల్‌తో మొదలుపెట్టాలి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత వూమెరా రాకెట్ ప్రయోగాల కోసం ఎడారిలో సర్వే చేసి, చిన్న బృందంతో వేల కిలోమీటర్ల మట్టిదారులు వేసిన మనిషి ఆయన. 1958లో పూర్తయిన గన్‌బ్యారెల్ హైవే ఆయన వేసిందే, యాన్ బీడెల్ హైవేకు భార్య పేరు, ‘కోనీ స్యూ’ హైవేకు కూతురి పేరు పెట్టారు. 1965లో వచ్చిన ఆయన పుస్తకం ‘టూ లాంగ్ ఇన్ ద బుష్’ హాస్యంగా సాగుతుంది గానీ, చెడిన యంత్రాన్ని ఉన్న సామగ్రితోనే ఎలా నడిపించాలన్న జ్ఞానం అందులో ప్రతి పుటలోనూ ఉంటుంది. కూడళ్ళలో అక్షాంశ రేఖాంశాలు చెక్కి ఆయన పాతిన అల్యూమినియం ఫలకాలను చూసినప్పుడు, ఆ పుస్తకం చదివినవారికీ చదవనివారికీ కలిగే అనుభూతి ఒకటి కాదు.

సింప్సన్ విషయానికి వస్తే, 1936లో టెడ్ కోల్సన్ ఒంటెల మీద దాటారనీ, 1939లో మాడిగన్ శాస్త్రీయ యాత్ర చేశారనీ, 1962లో భూగర్భ శాస్త్రవేత్త రెజ్ స్ప్రిగ్ కుటుంబంతో సహా తొలిసారి మోటారు వాహనంలో దాటారనీ ప్రతి గైడులోనూ ఉంటుంది. మీరు వెళ్ళబోయే ఫ్రెంచ్ లైన్ కూడా 1960లలో చమురు అన్వేషణకు ఒక ఫ్రెంచ్ కంపెనీ వేసిన దారే. అయితే ఈ వరుస చదివి అంతకుముందు అక్కడ మనుషులే లేరనుకోవడం పెద్ద పొరపాటు. వంగకంగురు ప్రజలు ‘మికిరి’ అనే లోతైన బావులను ఆధారం చేసుకొని ఆ దిబ్బల నడుమ తరతరాలుగా జీవించారు. 1886లో సర్వేయరు డేవిడ్ లిండ్సే ఆ బావులను చూడగలిగింది దారి తెలిసిన స్థానికుడు వెంట ఉండబట్టే. కోల్సన్ వెంట కూడా పీటర్ ఐన్స్ అనే ఆదివాసీ సహచరుడు ఉన్నాడు, ఆ పేరు చాలా పుస్తకాల్లో అడుగున ఒక్క వాక్యంలో ముగిసిపోతుంది.

మా పశ్చిమ ఆస్ట్రేలియాలో పశువులను తోలుకెళ్ళడానికి వేసిన కానింగ్ స్టాక్ రూట్ గురించి చదివేవారు మరీ జాగ్రత్తగా చదవాలి. నీళ్ళ జాడ చూపించమని ఆదివాసులను గొలుసులతో బంధించి తీసుకెళ్ళారన్న ఆరోపణల మీద 1908లో రాయల్ కమిషన్ విచారణ జరిగింది. సుమారు 1,850 కిలోమీటర్ల ఆ దారిని సాహసయాత్రగా మాత్రమే వర్ణించే పుస్తకం ఎంత అందంగా ఉన్నా నేను సగమే నమ్ముతాను.

ఖండాన్ని దక్షిణం నుంచి ఉత్తరానికి దాటబోయిన బర్క్, విల్స్‌ల యాత్ర గురించి కూడా చదవండి. మెల్బోర్న్ నుంచి 1860 ఆగస్టులో బయలుదేరిన ఆ దండు కోసం ఒంటెలనూ, వాటిని తోలేవారినీ నాటి బ్రిటిష్ ఇండియా నుంచి తీసుకువచ్చారు. కూపర్స్ క్రీక్ దగ్గర నాయకులిద్దరూ చనిపోగా, యాండ్రువాండ్హ ప్రజల ఆదరణతో వారి వెంట ఉన్న కింగ్ ఒక్కడే బతికాడు. ఆ స్థానికులు నార్డూ అనే నీటిమొక్క గింజలను జాగ్రత్తగా శుద్ధిచేసి తినేవారు, యాత్రికులు ఆ విధానం పాటించకపోవడంతో కడుపు నిండా తిన్నా బెరిబెరి సోకి క్షీణించారని పరిశోధకులు భావిస్తున్నారు.

పటాలు మాత్రం కాగితంవి కూడా ఉండాలి. ఫోనులో దించుకున్న పటం ఎంత బాగున్నా, గతుకులకు ఛార్జరు తీగ ఊడిపోతే అది చీకటి అద్దమే.

చిత్తూరు బండి (మెల్బోర్న్)
ఒక చిన్న హెచ్చరిక. విక్టోరియా నుంచి దక్షిణ ఆస్ట్రేలియాలోకి వెళ్ళేటప్పుడు పండ్ల ఈగ నిబంధనల వల్ల పండ్లు, చాలా రకాల కూరగాయలు తీసుకెళ్ళనివ్వరు. స్టర్ట్ హైవే మీద యాంబా తనిఖీ కేంద్రంలో టమాటాలు, పచ్చిమిరపకాయలు అన్నీ తొట్టిలో పడేయవలసి వస్తుంది, అందువల్ల కూరగాయలు సరిహద్దు దాటాకే కొనండి. ఊరగాయలను గాజు సీసాల్లో పెట్టవద్దు, అలలు తేలిన కంకర రోడ్డు మీద మొదటి రోజే పగులుతాయి. మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి పైన నూనె తేలకుండా కొంచెం పొడిగా కలిపి తీసుకెళ్ళండి. పులిహోర పొడి, అటుకులు, వేయించిన రవ్వ ఉంటే నీళ్ళు తక్కువ ఖర్చుతో పొద్దున గడిచిపోతుంది.

గోదారిగట్టు (మెల్బోర్న్)
అందరికీ కృతజ్ఞతలు. ఇంధనం, టైరు గాలి, సమాచార సాధనాల గురించి కూడా ఎవరైనా చెప్పగలరా? మా పెద్దవాళ్ళకు అసలు భయం ఫోను సిగ్నలు ఉండదన్నదే.

ఎర్రదిబ్బ (అడిలైడ్)
మౌంట్ డేర్ నుంచి బర్డ్స్‌విల్ వరకు తిరిగే దారిని బట్టి 500 కిలోమీటర్లకు పైగా ఉంటుంది, మధ్యలో ఎక్కడా చుక్క ఇంధనం దొరకదు. డీజిల్ బండికి ఇసుకలో 100 కిలోమీటర్లకు 15 నుంచి 20 లీటర్లు లెక్కవేసుకోండి. మీ ప్రాడో రెండు ట్యాంకులున్న 150 శ్రేణిదైతే అవి రెండూ కలిపి 150 లీటర్లు పడతాయి కాబట్టి డబ్బాలు అక్కరలేదు. మీ స్నేహితుల బండి పెట్రోలుదైతే లెక్క పూర్తిగా మారుతుంది. అలాగే పెట్రోలు బండ్ల అడుగున, వేడెక్కే సైలెన్సర్ చుట్టూ స్పినిఫెక్స్ గడ్డి పేరుకొని మంటలు అంటుకుంటాయి, ఆగిన ప్రతిసారీ కిందికి వంగి చూడాలి. పొగ వడపోత గల కొత్త డీజిల్ బండ్లకూ ఈ ప్రమాదం ఉంది.

టైరు గాలి 16 నుంచి 18 పీఎస్‌ఐ వరకు దించండి. గట్టి టైర్లతో ఎక్కేవారి చక్రాలు గిర్రున తిరిగి వాలు మీద గుంతలు తవ్వుతాయి, ఆ గుంతల్లో తర్వాత వచ్చేవారందరూ ఎగిరెగిరి పడాలి. కంప్రెసర్, మంచి గేజి కొన్నాకే వించి గురించి ఆలోచించండి.

ఇక పెద్దవాళ్ళ భయం గురించి. బండ్ల మధ్య మాట్లాడుకోవడానికి దగ్గరి దూరాలకు పలికే యూహెచ్‌ఎఫ్ రేడియో ఉండాలి. ఎడారిలో అందరూ 10వ ఛానల్ మీద ఉంటారు, 5, 35 ఛానళ్ళు అత్యవసరానికే. దూరానికి శాటిలైట్ ఫోను అద్దెకు దొరుకుతుంది, చాలా దూరం పలికే హెచ్‌ఎఫ్ రేడియో ఉన్నవారు 1993 నుంచి నడుస్తున్న వీకేఎస్-737 నెట్‌వర్కులో చేరి రోజూ తాము ఎక్కడున్నదీ చెప్పవచ్చు. వీటన్నిటికీ తోడుగా ఆపదలో ఉపగ్రహం ద్వారా సహాయం కోరే 406 మెగాహెర్ట్జ్ బీకన్ ఒకటి ప్రతి బండిలోనూ ఉండి తీరాలి. దాన్ని ఆస్ట్రేలియా సముద్ర భద్రతా సంస్థ దగ్గర నమోదు చేసుకోవడం ఉచితం, ఊళ్ళో ఉన్న పెద్దవాళ్ళ నంబరు కాకుండా ఆస్ట్రేలియాలోనే ఉండి మీ దారి తెలిసిన స్నేహితుల నంబరు అందులో ఇవ్వండి.

ఏం జరిగినా బండిని వదిలి నడవకూడదు. 1963 డిసెంబరులో బర్డ్స్‌విల్ ట్రాక్ మీద దారి తప్పిన ఒక కుటుంబంలోని ఐదుగురూ కారు విడిచి నీళ్ళ కోసం వెళ్ళి చనిపోయారు. గాలింపు విమానానికి మనిషికంటే బండి త్వరగా కనబడుతుంది, నీడ కూడా అక్కడే ఉంటుంది. మనిషికి రోజుకు కనీసం ఐదు లీటర్ల నీళ్ళు, అనుకున్న రోజులకు పైన మరికొన్ని రోజులకు సరిపడా, రెండు మూడు వేర్వేరు డబ్బాల్లో పెట్టండి. ఒకటి చిల్లుపడినా మిగతావి ఉంటాయి.

నల్లరేగడి (సిడ్నీ)
నీళ్ళు, డీజిలు, పిల్లలు, సామాను అన్నీ ఎక్కించాక ఒకసారి తూకం కేంద్రానికి తీసుకెళ్ళి బండి బరువు చూడండి. అనుమతించిన బరువు దాటితే స్ప్రింగులు, యాక్సిల్ విరగడంతోపాటు బీమా కూడా చెల్లకపోవచ్చు. పైకప్పు మీద డీజిలు డబ్బాలు కడితే దిబ్బ మీద అడ్డం తిరిగినప్పుడు బండి పల్టీ కొట్టే ప్రమాదం ఉంది, బరువైనవి ఎప్పుడూ కిందనే, యాక్సిళ్ళ మధ్యనే ఉండాలి.

గోదారిగట్టు (మెల్బోర్న్)
స్నేహితుల ల్యాండ్ క్రూయిజర్ డీజిలుదే. మా దగ్గర ఉన్న క్లబ్బు సమావేశానికి వచ్చే నెల రెండు జంటలం కలిసి అతిథులుగా వెళ్తాము. ఏప్రిల్‌లో డార్గో వైపు వెళ్ళే ముందు బండి తూకం వేయించి, ఆ అంకెలు ఇక్కడ పెడతాను, సామానులో ఏది తీసేయాలో మీరే చెప్పాలి.