నౌకాదళ వైద్య సిబ్బందికి ఆస్బెస్టాస్ జబ్బు: మా మామగారికి ఉన్న దారులేమిటి?

ప్రశ్న: వర్జీనియా కోడలు

అందరికీ నమస్కారం. ఆస్బెస్టాస్ అనగానే మన ఊళ్లలో ఇంటి కప్పు మీది సిమెంటు రేకులే గుర్తుకు వస్తాయి. ఆ మాటను ఒకనాడు మా ఇంట్లోనే క్యాన్సర్ పేరుతో కలిపి వినవలసి వస్తుందని నేనెన్నడూ అనుకోలేదు.

మా మామగారు అమెరికన్. 1967 నుంచి 1971 వరకు అమెరికా నౌకాదళంలో హాస్పిటల్ కోర్‌మన్‌గా, అంటే నౌకలో గాయపడినవారికి, జబ్బుపడినవారికి తొలి చికిత్స చేసే వైద్య సహాయకుడిగా పనిచేశారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో కట్టిన డిస్ట్రాయర్ అనే రకం యుద్ధనౌక మీద వియత్నాం తీరంలో రెండేళ్లు, ఆ తర్వాత ఒక పాత నౌకాదళ ఆసుపత్రిలో రెండేళ్లు ఉన్నారు. ఆరు వారాల క్రితం బయాప్సీలో ఊపిరితిత్తుల పైపొరకు వచ్చే మెసోథెలియోమా అనే క్యాన్సర్ అని తేలింది. ఆయన వయసు 78.

మాజీ సైనికుల దరఖాస్తులు చూసే ఒకాయన, "బాయిలరు గదిలో పనిచేసినవారికైతే పరిహారం వస్తుంది, మందులిచ్చే ఉద్యోగానికి రాదు" అని తేల్చి చెప్పేశారు. అది నిజమేనా? ప్రభుత్వం మీద దావా వేయవచ్చా? మధ్యలో ఆయనకు ఏమైనా అయితే మా అత్తగారి పరిస్థితి ఏమిటి? మామగారేమో, తన చేతుల మీదుగా ప్రాణాలు పోయిన కుర్రవాళ్లను తలచుకొని, తాను డబ్బు అడగడం సబబు కాదంటున్నారు. తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు 1: ఊపిరితిత్తుల వైద్యుడు, టెక్సాస్

అమ్మా, చాలా బాధ కలిగింది. చట్టం సంగతి తెలిసినవారు చెబుతారు, నేను వైద్యానికి సంబంధించినంత వరకే రాస్తాను.

మెసోథెలియోమాకు ఆస్బెస్టాస్‌ను మించిన కారణం దాదాపుగా లేదు. ఆస్బెస్టాస్ సన్నటి నార పీల్చిన తర్వాత జబ్బు బయటపడడానికి ఇరవై ఏళ్ల నుంచి యాభై ఏళ్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. కాబట్టి 1960లలో పీల్చినది ఇప్పుడు బయటపడడంలో వింత లేదు. ఆ కాలపు యుద్ధనౌకల్లో ఆవిరి గొట్టాల చుట్టూ ఆస్బెస్టాస్ కప్పే ఉండేది. ఆ గొట్టాలు బాయిలరు గదితో ఆగవు, సిబ్బంది పడుకునే గదుల మీదుగా, వైద్యం చేసే గది మీదుగా కూడా పోతాయి. ఇంజను గదిలో వేడికి సొమ్మసిల్లినవారిని, ఆవిరికి కాలినవారిని పైకి తెచ్చేందుకు దిగవలసినది వైద్య సహాయకుడే. దుమ్ము పట్టిన వారి దుస్తులను కత్తిరించేదీ అతడే. పనివారి బట్టలు ఉతికిన భార్యలకు సైతం ఈ జబ్బు వచ్చినట్లు వైద్య సాహిత్యంలో నమోదై ఉంది. అలాంటప్పుడు వైద్య సహాయకుడికి రాదనడానికి ఆధారం లేదు.

చికిత్స చేస్తున్న వైద్యుడి చేత ఒక ఉత్తరం రాయించండి. సర్వీసులో సోకిన ఆస్బెస్టాసే ఈ జబ్బుకు కారణమయ్యే అవకాశం కనీసం సగమైనా ఉందని, ఎందుకో వివరిస్తూ, అందులో స్పష్టంగా ఉండాలి. "కావచ్చు" అన్న మాటతో సరిపెట్టిన ఉత్తరాలు నిలబడవు.

జవాబు 2: న్యాయవాది, కాలిఫోర్నియా

మీకు చెప్పినాయన మాటలో సగమే నిజం. మాజీ సైనికుల సంక్షేమం చూసే వెటరన్స్ అఫైర్స్ శాఖ ఏ ఉద్యోగానికి ఆస్బెస్టాస్ తగిలే అవకాశం ఎంత అన్న పట్టికను వాడుతుంది, బాయిలరు పనివారు, గొట్టాలు బిగించేవారు అందులో పై వరుసలో ఉంటారు, వైద్య సిబ్బంది ఆ పై వరుసలో ఉండరు. కానీ ఆ పట్టిక ఒక ఆధారం మాత్రమే, తీర్పు కాదు. ఆయన హోదా ఏమిటన్నది పక్కన పెట్టి, ఆయన ఎక్కడ పడుకున్నారు, ఎక్కడ నిలబడి పనిచేశారు, నౌక మరమ్మతుకు వెళ్లినప్పుడు లోపలే ఉన్నారా అన్నవి రాయించండి. ఈ కేసు నిలబడేది ఆ వివరాల మీదే.

ప్రభుత్వం మీద దావా కుదరదు. సర్వీసులో భాగంగా జరిగిన హానికి సైనికులు ప్రభుత్వం మీద దావా వేయరాదని 1950లో ఫెరెస్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది, అది నేటికీ అమలులో ఉంది. అందుకు బదులుగా ఉన్నదే వెటరన్స్ శాఖ పరిహారం. అక్కడ ఎవరి తప్పో నిరూపించనక్కరలేదు. మెసోథెలియోమా చురుకుగా ఉన్నంత కాలం నూరు శాతం వైకల్యంగా లెక్కిస్తారు, ఆ రేటు 2025లో ఒంటరి వ్యక్తికి నెలకు సుమారు 3,831 డాలర్లు, భార్య ఉంటే ఇంకొంత ఎక్కువ.

ఈ వారమే చేయవలసిన పని ఒకటుంది. 21-0966 నంబరు ఫారం పంపితే, పూర్తి దరఖాస్తు ఏడాదిలోపు వేసినా ఆ ఫారం అందిన తేదీ నుంచే డబ్బు లెక్క కడతారు. ప్రాణాంతక జబ్బు గనుక ముందు వరుసలో చూడమని 20-10207 ఫారం కూడా జతచేయండి. దరఖాస్తు నడుస్తుండగా ఆయన మరణిస్తే, ఏడాదిలోపు కోరితే అత్తగారు ఆయన స్థానంలో దానిని కొనసాగించవచ్చు. సర్వీసు కారణంగా వచ్చిన జబ్బుతోనే మరణించారని తేలితే, ఆమెకు నెలనెలా వేరే భృతి ఉంటుంది. మొదటి దరఖాస్తుకు ఫీజు తీసుకునే హక్కు ఏ న్యాయవాదికీ లేదు. అమెరికన్ లీజియన్, డిసేబుల్డ్ అమెరికన్ వెటరన్స్ వంటి సంఘాలు ఉచితంగా చేసిపెడతాయి. ఫీజు అడిగినవారి గుమ్మం తొక్కకండి.

ఇక తయారీదారులు. ఫెరెస్ తీర్పు వారిని కాపాడదు. పంపులు, టర్బైన్లు ఆస్బెస్టాస్ లేకుండా అమ్మి, అది లేకుండా అవి పనిచేయవని తెలిసీ హెచ్చరించని కంపెనీలు కూడా బాధ్యులు కావచ్చని 2019లో డెవ్రీస్ కేసులో సుప్రీంకోర్టు ఆరుగురు ముగ్గురి తేడాతో తీర్పునిచ్చింది. అది నౌకాదళ నావికుల కుటుంబాలు వేసిన కేసే. దివాలా తీసిన కంపెనీల బాధితుల కోసం ట్రస్టులు వేరుగా ఉన్నాయి. 1982లో దివాలా కోరిన జాన్స్ మాన్విల్ పేరిట 1988లో ఏర్పడిన ట్రస్టు తర్వాత, 2011 నాటికి ఇలాంటివి అరవై ఉన్నట్లు అమెరికా కాంగ్రెస్ తనిఖీ కార్యాలయం లెక్క తేల్చింది.

వైద్య సిబ్బందికి అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. బాయిలరు పనివాడికి గాస్కెట్ (గొట్టాల అతుకుల్లో పెట్టే పట్టీ) పెట్టె మీద కంపెనీ పేరు గుర్తుంటుంది, కోర్‌మన్‌కు ఉండదు. ఆ నౌకలో ఏ కంపెనీ సామాను ఉండేదో పాత నౌకాదళ పత్రాల నుంచి తీయగల, ఇలాంటి కేసుల్లో పండిన న్యాయవాదిని ఎంచుకోండి. ఆయనకు ఓపిక ఉండగానే ప్రమాణం చేయించి వాంగ్మూలం వీడియో తీయించండి. దీనిని మాత్రం వాయిదా వేయవద్దని చేతులు జోడించి చెబుతున్నాను.

వర్జీనియాలో వైద్యుడు జబ్బు నిర్ధారించిన నాటి నుంచి రెండేళ్లలోపు దావా వేయాలి. వెటరన్స్ శాఖలో దరఖాస్తు వేసినంత మాత్రాన ఆ గడువు ఆగదు.

వర్జీనియా కోడలు

ఇద్దరికీ కృతజ్ఞతలు. రెండు చిన్న సందేహాలు. ట్రస్టు డబ్బు వస్తే శాఖ ఇచ్చేది తగ్గుతుందా? వియత్నాం తీరంలో ఉన్నందుకు ఏజెంట్ ఆరెంజ్ (వియత్నాంలో అమెరికా సైన్యం చల్లిన విష రసాయనం) కింద అడగవచ్చా? 1973లో సెయింట్ లూయిస్ అగ్నిప్రమాదంలో సైనిక రికార్డులు కాలిపోయాయని కూడా ఎవరో భయపెట్టారు.

న్యాయవాది, కాలిఫోర్నియా

వైకల్య పరిహారం తగ్గదు. ఆదాయాన్ని బట్టి ఇచ్చే పెన్షన్ మాత్రం తగ్గవచ్చు. ఏజెంట్ ఆరెంజ్ జాబితాలో ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉంది, తీర జలాల్లోని నౌకల వారికీ 2019 నాటి చట్టం అది వర్తింపజేసింది, అయితే మెసోథెలియోమా ఆ జాబితాలో లేదు. కనుక బయాప్సీ నివేదికలో జబ్బు పేరు ఏమని ఉందో మరోసారి చూడండి. ఆ మంటల్లో పోయినవి ఆర్మీ, వైమానిక దళ రికార్డులు. నౌకాదళానివి భద్రంగానే ఉన్నాయి, అడగండి.

జవాబు 3: మాజీ ఆర్మీ మెడికల్ కోర్ ఉద్యోగి, విశాఖపట్నం

ఇది చదువుతుంటే మన దేశంలో ఇలాంటి సిబ్బంది గుర్తుకు వచ్చారు. ఇక్కడ దారి సైనికుల కేసులు విచారించే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రైబ్యునల్ ద్వారా వైకల్య పెన్షన్. చేరేనాటి వైద్య పరీక్షలో నమోదు కాని జబ్బు తర్వాత వస్తే అది సర్వీసు వల్లనే వచ్చినట్లు భావించాలని 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో మన సుప్రీంకోర్టు చెప్పింది, కానీ విరమణ తర్వాత దశాబ్దాలకు బయటపడే జబ్బుకు దానిని అన్వయింపజేయడం సులభం కాదు. ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డులను కనీసం నలభై ఏళ్లు భద్రపరచాలని 1995లోనే అదే కోర్టు ఆదేశించింది. మన సైనిక ఆసుపత్రుల సిబ్బంది ఏ పాత భవనంలో ఎన్నేళ్లు పనిచేశారో కూడా అంత కాలం దాచి ఉంచాలని నా కోరిక.

వర్జీనియా కోడలు

సోమవారం ఆ ఫారం పంపించాము. మీ జవాబులన్నీ మామగారికి ఇంగ్లిషులో చదివి వినిపించాను. పరిహారం మాట ఎత్తితే ముఖం తిప్పుకొనే ఆయన, "ఎక్కడ నిలబడి పనిచేశారు" అన్న ప్రశ్న దగ్గర ఆగి, కాగితం అడిగి తీసుకున్నారు. ఫిరంగులు పేలినప్పుడల్లా తలపైన ఉన్న గొట్టాల కప్పు నుంచి తెల్లటి పొడి రాలుతూ ఉండేదని, కుట్లు వేసే సామాను మీద పడకుండా తడిగుడ్డ కప్పేవాడినని, గాయపడిన కుర్రవాడి ముఖం మీద పడకుండా తానే వంగి అడ్డు నిలిచేవాడినని రాశారు. వీడియో వాంగ్మూలానికి వచ్చే గురువారం రోజు కుదిరింది.