అమ్మానాన్నల ఇంట్లో వైఫై కెమెరా: గేటు దగ్గరేనా, హాల్లో కూడానా?

తెనాలి–డాలస్

తెనాలిలో అమ్మానాన్నలు ఇద్దరే ఉంటున్నారు. నాన్నగారికి 76 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. నేను డాలస్‌లో, చెల్లి బెంగళూరులో. ఇంటికి కెమెరాలు పెట్టించాలన్నంతవరకు మాకు పేచీ లేదు. పేచీ అంతా రెండు విషయాల మీద. బజారులో దొరికే వైఫై కెమెరా కొని, రౌటర్‌కు కలిపి ఫోనులో చూసుకుంటే చాలా, లేక కేబుల్ లాగించి రికార్డరు పెట్టించాలా అన్నది మొదటిది. రెండోది, హాల్లో కూడా ఒకటి ఉండాలని చెల్లి పట్టు. నాన్న పడిపోతే ఎవరికి తెలుస్తుంది అంటుంది. నాకు మనసొప్పడం లేదు, కానీ కాదనడానికి గట్టి కారణం దొరకడం లేదు. తెలిసినవాళ్ళు మొహమాటం లేకుండా చెప్పండి.

కేబుల్ మేస్త్రి, గుంటూరు

నా వృత్తే ఇది కాబట్టి సూటిగా చెబుతాను. ఇంటి బయట పెట్టే కెమెరా కేబుల్ మీదే ఉండాలి. వైఫై కెమెరా అంటే తీగే అక్కర్లేదని చాలామంది అనుకుంటారు. బ్యాటరీది కాకపోతే దానికీ కరెంటు తీగ లాగాల్సిందే కదా! ఎలాగూ లాగే తీగ ఏదో నెట్‌వర్క్ కేబుల్ అయితే కరెంటూ, బొమ్మా రెండూ దానిలోనే వెళ్తాయి. గేటు ఎంత దూరమున్నా 100 మీటర్ల లోపే కదా, ఒక్క కేబుల్‌తో పనైపోతుంది.

పాత డాబా ఇళ్ళ సంగతి మీకు తెలిసిందే. 9 అంగుళాల గోడలు. రౌటర్ హాల్లో టీవీ పక్కన, కెమెరా గేటు స్తంభం మీద, మధ్యలో రెండు గోడలూ ఒక ఇనుప గ్రిల్లూ. బిగించిన రోజు బొమ్మ బ్రహ్మాండంగా వస్తుంది. తర్వాత నెలలో ‘ఆఫ్‌లైన్’ అని ఫోను మీద ఫోను. ఇంకొకటి, కరెంటు పోతే ఎవరింట్లోనైనా దొంగకు అదే అదను. రికార్డరు పెడితే, దానికీ రౌటర్‌కూ కలిపి ఒక చిన్న యూపీఎస్ చాలు, కెమెరాలన్నీ నిలబడతాయి. వైఫై కెమెరాలైతే గోడకొకటి చొప్పున ఎన్ని ప్లగ్గులకని బ్యాటరీ పెడతారు?

నెట్‌వర్క్ పనివాడు, కూకట్‌పల్లి

మేస్త్రిగారి మాట గేటు వరకు అక్షరాలా నిజం. పైగా వైఫై సిగ్నల్‌ను బయటి నుంచే చెడగొట్టి కెమెరాను తెంచేసే చవక పరికరాలు ఉన్నాయి. తీగ మీద ఉన్న కెమెరాకు ఆ బెడద లేదు.

అయితే కేబుల్ అంటే భద్రం, వైఫై అంటే ప్రమాదం అన్న లెక్క మాత్రం తప్పు. డాలస్‌లో ఉన్న ఫోనుకు బొమ్మ చేరాలంటే కేబుల్ కెమెరా అయినా ఇంటర్నెట్ ఎక్కాల్సిందే. మన దగ్గర ఇళ్ళకు ఇచ్చే కనెక్షన్లలో చాలావాటికి సొంత పబ్లిక్ ఐపీ, అంటే ఇంటర్నెట్‌లో ఆ ఇంటికంటూ ఒక చిరునామా, ఉండదు. ఒకే చిరునామాను బోలెడు ఇళ్ళు పంచుకుంటాయి. అందుకని బయటి నుంచి మీ రికార్డరును నేరుగా పిలవడం కుదరదు. రికార్డరే లోపలి నుంచి కంపెనీ సర్వర్‌కు కబురు పెడుతుంది, మీ ఫోనూ అదే సర్వర్ తలుపు తడుతుంది, సర్వర్ ఇద్దరినీ కలుపుతుంది. వైఫై కెమెరా చేసేదీ సరిగ్గా ఇదే.

2016 అక్టోబరులో ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి అమెరికాలో గంటల తరబడి అందకుండా పోయాయి. ఆ దాడికి మిరాయ్ అనే మాల్‌వేర్ (పరికరాల్లోకి చొరబడే దొంగ ప్రోగ్రాం) సైన్యంగా వాడుకున్నది ఇళ్ళలోని కెమెరాలనూ వాటి రికార్డర్లనూ రౌటర్లనూ. మహా తెలివేమీ అక్కర్లేకపోయింది. ఫ్యాక్టరీ పెట్టిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలు ఓ 60 దాకా దగ్గర పెట్టుకుని ఒక్కొక్కటే ప్రయత్నించింది. పాస్‌వర్డ్ మార్చనివన్నీ దొరికిపోయాయి, తీగ మీద ఉన్నవైనా సరే.

అద్దె ఇంట్లో ఉన్నవారికి, గోడకు రంధ్రం పెట్టలేనివారికి లోపలి గదుల్లో వైఫై కెమెరా చక్కగా పనికొస్తుంది. రికార్డింగు దానిలోని మెమొరీ కార్డులోనే పెట్టుకోవచ్చు. సెకనుకు 1 మెగాబిట్ చొప్పున రాస్తే రోజుకు 11 జీబీకి కాస్త తక్కువ. 128 జీబీ కార్డు పది రోజులు దాటి వస్తుంది. కలిపేటప్పుడు చాలామంది చిక్కుకునేది ఒక్కచోటే: ఈ కెమెరాల్లో ఎక్కువవాటికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే తెలుసు. ఫోను 5 గిగాహెర్ట్జ్ మీద ఉంటే కొన్ని యాప్‌లలో క్యూఆర్ కోడ్ ఎంతసేపు చూపించినా పని జరగదు. రౌటర్‌లో రెండింటికీ వేర్వేరు పేర్లు పెట్టి, 2.4కు కలిపి చూడండి.

టీచరమ్మ, భీమవరం

మీరంతా కేబులా, వైఫైయా అని వాదించుకుంటున్నారు నాయనా. ఆ కెమెరా కింద కూర్చునే మనిషిని నేను. నా మాటా వినండి.

మా అబ్బాయి హాల్లో పెట్టించాడు. ప్రేమతోనే పెట్టించాడు, అందులో సందేహం లేదు. కానీ మా ఇళ్ళలో హాలంటే ఏమిటి? తలస్నానం చేసి జుట్టు ఆరబెట్టుకునేది అక్కడి ఫ్యాను కిందే. ఎండాకాలం మధ్యాహ్నం చాప వేసుకుని నడుం వాల్చేదీ అక్కడే. పక్కింటి కోడలు వచ్చి తన కష్టం చెప్పుకునేదీ అక్కడే. ఒకరోజు ఆ పిల్ల చెబుతూ చెబుతూ తలెత్తి దాన్ని చూసింది. గొంతు తగ్గించేసింది. తర్వాత రావడమే తగ్గించింది. ఆమె ఇంటి గుట్టు మా అబ్బాయి ఫోనులోకి ఎందుకు వెళ్ళాలి?

ఇంకో సంగతి. అది మెడ తిప్పే రకం. నేను గోడవైపు తిప్పి పెడితే, కాసేపటికి అమెరికా నుంచి మళ్ళీ నావైపు తిప్పేవాడు. మోటారు చప్పుడు సన్నగా వినబడేది. వంట చేసుకుంటుంటే పైనుంచి గొంతు: “అమ్మా, బీపీ మాత్ర వేసుకున్నావా?” నేను నలభై మంది పిల్లలను కంటిచూపుతో కూర్చోబెట్టినదాన్ని. నా ఇంట్లో నన్ను ఇలా కూర్చోబెడితే ఒప్పుకోను. ప్లగ్గు పీకి, అబ్బాయికి ఫోను చేసి చెప్పాను. గేటు దగ్గరది ఉంచుకున్నాను, దానితో నాకూ ధైర్యమే.

తెనాలి బాబూ, మీ అమ్మగారిని అడిగారా?

నర్సు, వరంగల్

టీచరమ్మగారూ, మీ మాట కాదనడం కష్టంగానే ఉంది, అయినా కాదంటాను. మా మామగారు హాల్లో పడక కుర్చీలో ఒక పక్కకు ఒరిగి ఉండటం మావారు హైదరాబాదు నుంచి ఫోనులో చూశారు. పొలం పని మీద అత్తగారు బయటికి వెళ్ళారు. ఎదురింటివారికి ఫోను చేస్తే వాళ్ళు కారులో ఎక్కించారు. పక్షవాతం. మెదడులో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు మొదటి నాలుగున్నర గంటలే గడువు. ఆ గడువు దాటి వచ్చినవాళ్ళను నేను వార్డులో చూస్తూనే ఉంటాను. మా మామగారు ఈరోజు కర్ర లేకుండా నడుస్తున్నారు. జుట్టు ఆరబెట్టుకునే చోటు మార్చుకోవచ్చు. కాలూ చెయ్యీ పోతే తిరిగి రావు.

టీచరమ్మ, భీమవరం

మీ మామగారు కోలుకున్నారంటే సంతోషం తల్లీ. కానీ ఆ క్షణంలో మీవారు ఫోను తెరిచి చూశారు కాబట్టి సరిపోయింది. రోజంతా చూస్తూ ఎవరు కూర్చుంటారు?

నెట్‌వర్క్ పనివాడు, కూకట్‌పల్లి

టీచరమ్మగారు అడిగినదే అసలు ప్రశ్న. ఈ కెమెరాలు ఫోనుకు కబురు పంపేది ఏదైనా కదిలినప్పుడు. పిల్లి దూకినా, పరదా ఊగినా మోగుతుంది. మనిషి పడిపోయి కదలకుండా ఉంటే? మౌనంగా ఉంటుంది. పడటం అనేది ఎక్కువ భయపెట్టే చోటు స్నానాలగది, అక్కడ కెమెరా పెట్టే ప్రసక్తే లేదు. పడిపోవడం గురించే భయమైతే మెడలో వేసుకునే అలారం బటన్, స్నానాలగదిలో చేతికి అందే ఎత్తులో కాలింగ్ బెల్లు, ఎదురింట్లో ఒక తాళంచెవి. ఇవి కెమెరా కన్నా సూటిగా పనిచేస్తాయి.

నర్సు, వరంగల్

కదలిక లేకపోవడమూ ఒక కబురేనండీ. మేము వంటింటి గుమ్మం వైపు తిప్పి పెట్టాం. పొద్దున ఏడింటికల్లా అటు కదలిక కబురు రాకపోతే ఫోను చేస్తాం. ఎవరూ రోజంతా కూర్చుని చూడక్కర్లేదు. బటన్ మెడలో వేసుకోమంటే మామగారు చొక్కా మేకుకు తగిలించి పెడతారు, అది ఎవరికి మోగాలి?

న్యాయవాది, విశాఖపట్నం

చట్టం సంగతి క్లుప్తంగా. 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు 9 మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని తేల్చింది. ఒకే ఇంట్లో ఉంటున్న సోదరుల వివాదంలో, రెండోవారి అనుమతి లేకుండా నివాస భాగం లోపల కెమెరాలు నడపరాదని 2025లో కలకత్తా హైకోర్టు చెప్పింది. సుప్రీంకోర్టు దానిలో జోక్యం చేసుకోలేదు. ఐటీ చట్టం 66ఇ సెక్షన్ ప్రకారం, అనుమతి లేకుండా ఒకరి శరీర గోప్య భాగాలను చిత్రించినా, పంపినా 3 ఏళ్ళ వరకు జైలు, లేదా 2 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

అయితే 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సొంత, ఇంటి అవసరాలకు మనుషులు వాడుకునే డేటాకు వర్తించదు. అంటే హాల్లో కొడుకు పెట్టిన కెమెరా విషయంలో ఆ చట్టం తల్లి తరఫున రాదు. పనిమనిషికి కూడా కెమెరా ఉందని ముందే చెప్పండి. గేటు కెమెరా ఎదురింటి వరండాలోకి చూడకుండా తిప్పుకోండి. చాలా యాప్‌లలో ఆ భాగాన్ని నల్లగా కప్పేసే వీలుంది.

నెట్‌వర్క్ పనివాడు, కూకట్‌పల్లి

ఇంతసేపూ ఎవరూ ఎత్తని విషయం ఒకటుంది, నాకు అన్నిటికన్నా పెద్దది అదే. కెమెరా ఎవరి ఖాతాలో ఉంది? బిగించడానికి వచ్చిన కుర్రాడు తన ఫోను తీస్తాడు, తన నంబరుతో ఖాతా తెరుస్తాడు, క్యూఆర్ కోడ్ చూపిస్తాడు, బొమ్మ రాగానే మీకు ‘షేర్’ చేసి వెళ్ళిపోతాడు. అందరూ సంతోషం. కానీ ఆ రోజు నుంచి ఆ ఇంటి యజమాని యాప్ దృష్టిలో ఆ కుర్రాడు. మీరు అతిథి. మీరు వైఫై పాస్‌వర్డ్ మార్చినా, కొత్త పాస్‌వర్డ్‌తో కెమెరాను మళ్ళీ కలిపిన క్షణం నుంచి అతని ఫోనులోనూ బొమ్మ వస్తుంది.

2025 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి పరీక్ష గదిలోని వీడియోలు యూట్యూబ్‌కూ టెలిగ్రామ్‌కూ ఎక్కి అమ్మకానికి వచ్చాయి. ఆ వార్త చదివాక నేను మా బంధువుల ఇళ్ళన్నిటిలో ఇదే చూశాను: సెట్టింగులలో ‘ఓనర్’ అన్నచోట ఎవరి నంబరుందో. కంపెనీలనూ గుడ్డిగా నమ్మలేం. 2024 ఫిబ్రవరిలో వైజ్ అనే అమెరికా కంపెనీ పొరపాటు వల్ల దాదాపు 13,000 మందికి ఇతరుల ఇళ్ళ కెమెరా చిత్రాలు కనబడ్డాయి. మన దేశంలో 2025 ఏప్రిల్ 9 నుంచి నెట్‌కు కలిసే సీసీటీవీ కెమెరాలకు భద్రతా పరీక్ష తప్పనిసరి అయింది. కొనేటప్పుడు ఎస్‌టీక్యూసీ (కేంద్ర ప్రభుత్వ పరీక్షా విభాగం) ధ్రువీకరణ ఉందా అని అడగండి.

ఖాతా ఇంట్లో ఉండే మనిషి నంబరుతో ఉండాలి. ఓటీపీ వాళ్ళ ఫోనుకే రావాలి. పిల్లలకు షేర్ మాత్రమే. ఎవరికి చూపించాలో, ఎప్పుడు ఆపాలో ఇంట్లోవాళ్ళ చేతిలో ఉంటుంది.

కేబుల్ మేస్త్రి, గుంటూరు

మా పనివాళ్ళ మీద అనుమానం పడకముందు అక్కడ జరిగేది కూడా చూడండి. పెద్దవాళ్ళకు ఈమెయిల్ ఉండదు. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని బ్యాంకువాళ్ళు చెప్పారు కాబట్టి మాకూ చెప్పరు, అది మంచిదే. పిల్లలకు ఫోను చేస్తే అక్కడ అర్ధరాత్రి. “మీరే ఏదో ఒకటి చేసి బొమ్మ వచ్చేలా చూడండి బాబూ” అంటారు. అప్పుడు మా నంబరు వేస్తాం. కాబట్టి పెట్టించే రోజు పిల్లల్లో ఒకరు వీడియో కాల్‌లో ఉండండి. అరగంట పని.

ఇంకొకటి, అమ్మానాన్నలు డాలస్ వచ్చి ఆరు నెలలుంటే తాళం వేసిన ఇంటి సంగతి? ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఎల్‌హెచ్‌ఎమ్‌ఎస్ పేరుతో ఒక ఏర్పాటు తెచ్చారు. యాప్‌లో అడిగితే వాళ్ళే కెమెరా పెడతారు, లోపల ఎవరైనా కదిలితే కబురు నేరుగా పోలీసులకు వెళ్తుంది, డబ్బు తీసుకోరు. మీ స్టేషన్‌లో కనుక్కోండి.

తెనాలి–డాలస్

అందరికీ కృతజ్ఞతలు. టీచరమ్మగారు అడిగారని కాదు గానీ, రాత్రి అమ్మతో చాలాసేపు మాట్లాడాను. గేటు దగ్గరా, పెరట్లోనూ కేబుల్ మీద పెట్టించమంది. హాల్లో వద్దంది. నర్సుగారి మాట చదివి వినిపిస్తే కాసేపు ఆలోచించి, వంటింటి గుమ్మం దాకా అయితే సరే, కానీ మైకు ఆపేయాలి, మెడ తిప్పేది కాకూడదు, స్విచ్చు తన చేతికి అందేచోట ఉండాలి అంది. ఖాతా నాన్న నంబరుతో తెరుస్తున్నాం. చెల్లి ఇంకా ఒప్పుకోలేదు. స్విచ్చు అమ్మ చేతిలో ఉంటే కెమెరా ఉండి లాభమేమిటి అంటోంది.

నర్సు, వరంగల్

మీ చెల్లిగారికి నా తరఫున చెప్పండి: మా అత్తగారి చేతిలోనూ స్విచ్చు ఉంది. చుట్టాలు వస్తే ఆపుతారు, వాళ్ళు వెళ్ళగానే వేస్తారు. వేయడం మరిచిపోతే మేము ఫోను చేసి అడుగుతాం. ఇంతవరకు ఒక్కసారి కూడా కోపంతో ఆపలేదు.