అనంతపురం జిల్లాలో భూగర్భ జలం: వానలు తగ్గడమే కారణమా?

చీనీతోట:
మా తాత ఎద్దులు కట్టి కపిలతో నీళ్లు తోడిన బావిలో ఇప్పుడు కంపచెట్లు మొలిచాయి. కరువేళ్లలో చీనీ (బత్తాయి) చెట్లు ఎండితే కొట్టేశాం. మంచి వానలు పడిన ఏళ్లలో బోర్లు కోలుకున్నాయి, మళ్లీ తగ్గాయి. ఊర్లో అందరూ వాన మీదే నెపం పెడతారు. మీ వైపు ఎలా ఉంది?

రాతినేల:
వాన ఏటేటా మారుతుంది, కానీ జిల్లా సగటు 550 మిల్లీమీటర్ల దగ్గరే ఉంటోంది. అసలు సంగతి రాయిలో ఉంది. మనది గ్రానైట్ నేల. పైన మెత్తబడిన పొర, కింద పగుళ్లు. ఆ పొరలో తోడుకోగలిగిన నీళ్లుండే చోటు 2 శాతం అటూ ఇటూ. వానలో పదో వంతు, అంటే 55 మిల్లీమీటర్లు ఇంకితే మట్టం రెండున్నర మీటర్ల పైన లేస్తుంది. ఒక్క మంచి వానకే బోర్లు పొంగేది అందుకే. తోడితే పడిపోవడమూ అంతే వేగం. వరికి సుమారు 1200 మిల్లీమీటర్ల నీళ్లు కావాలి. ఇరవై ఎకరాల్లో ఇంకిన వాన ఒక ఎకరా వరికి సరిపోదు! మడిలోంచి కొంత తిరిగి ఇంకినా లెక్క కుదరదు.

బోరులారీ:
నేను బోరు లారీ మీద పనిచేశాను. రెండొందల అడుగుల్లో పడే నీళ్ల కోసం తర్వాత వెయ్యి అడుగుల దాకా దింపాం. లోతుకు పోతే కొత్త నీళ్లు ఉంటాయని రైతుల ఆశ. ఆ పగుళ్లకూ నీళ్లు పైనుంచే దిగాలి కదన్నా. పక్కాయన బోరు ఎండడం తప్ప ఒరిగేది తక్కువ. 2004లో ఉచిత కరెంటు వచ్చాక ఆటో స్టార్టర్లు పెట్టి వదిలేశారు. కరెంటు వస్తే చాలు, అవసరం ఉన్నా లేకున్నా మోటారు తిరుగుతుంది.

చెరువుకట్ట:
చెరువులను మర్చిపోకండి. మా చెరువు నిండిన ఏడు కట్ట కింద బావులన్నీ ఊరతాయి. నీళ్లొచ్చే వంకలు పూడిపోయాక, వాన బాగా పడినా చెరువు నిండటం లేదు. 2012 నుంచి హంద్రీ-నీవా కాలువలో కృష్ణా నీళ్లు వస్తున్నాయి, వాటితో నింపిన చెరువుల కింద తేడా కళ్లకు కనబడుతోంది.

చీనీతోట:
మరి డ్రిప్ వల్ల లాభం లేదా?

రాతినేల:
ఎకరాకు నీళ్లు తగ్గుతాయి. మిగిలిన నీళ్లతో ఇంకో రెండెకరాలు వేస్తే భూమిలో మిగిలేది ఏమీ ఉండదు.

మల్బరీ:
ఒప్పుకోను సార్. డ్రిప్ లేకపోతే మా తోటే ఉండేది కాదు. నీళ్లు మిగిలితే పంట పెంచుకోవద్దని రైతుకు ఎవరు చెప్పగలరు?

రాతినేల:
మీ బాధ నిజమే. ఒక్క రైతు ఆగితే పక్కాయన తోడేస్తాడు, ఊరంతా కలిసి లెక్క వేసుకోవాలి. ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ అని, రైతులే భూగర్భ జలాన్ని చూసుకునే ప్రాజెక్టులో మన జిల్లా రైతులే వాన, బావి మట్టం కొలిచి, ఉన్న నీటిని బట్టి రబీ పంటలు ఆలోచించుకున్నారు.

చీనీతోట:
మా బోరు దగ్గర ఇప్పటినుంచి కొలవాలంటే ఎలా?

రాతినేల:
ముందురోజు రాత్రి నుంచి మోటారు ఆపి, పొద్దున్నే బోరులో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో కొలవండి. ఏటా మే నెలలో ఒకసారి, నవంబరులో ఒకసారి, అదే బోరులో. వాన ఎంత పడిందో పక్కనే రాసుకోండి. మే నెల నీటి మట్టం మంచి వానేళ్లలో కూడా ఏటేటా కిందికే జారుతుంటే తోడకం ఎక్కువైనట్టే.