రోజూ 12 కిలోమీటర్లే, ఇంటికొచ్చాక కారు దిగలేకపోతున్నా. ఆటిజం ఉండి బండి నడిపేవాళ్లెవరైనా చెప్తారా?

నాకు 31. ఆటిజం అని రెండేళ్ల కింద తేలింది. లైసెన్స్ వచ్చి ఆరేళ్లు, ఇంతవరకు బండి మీద ఒక్క గీత పడలేదు. మియాపూర్ నుంచి గచ్చిబౌలి, మళ్లీ వెనక్కి. సాయంత్రం సెల్లార్‌లో పెట్టి ఇంజన్ ఆపాక ఇరవై నిమిషాలు, ఒక్కోరోజు అరగంట, స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చుండిపోతా. మొన్న వాచ్‌మన్ అద్దం మీద కొట్టి "మేడమ్, ఒంట్లో మంచిగుందా?" అన్నాడు. ఏం చెప్పాలో తెలుసు, నోట మాట రాలేదు. పొద్దున లేవగానే కొత్తగూడ దగ్గరి హారన్లు గుర్తొచ్చి కడుపులో తిప్పుతుంది. "ఏసీ కారులో కూర్చుని వచ్చేదానికి అలుపేమిటే" అని అమ్మ. ఇంకో భయం: ఆటిజం అని తెలిస్తే లైసెన్స్‌కి ఏమైనా అవుతుందా?

జవాబు (ట్రాఫిక్ కింగ్): అలవాటైతే అదే పోతుంది సిస్టర్. ఆదివారం కూడా బండి తియ్యండి, రద్దీలో బాగా తిప్పండి. భయం వదిలిపోద్ది.

జవాబు (ఎడమ లేన్): బ్రదర్, అది కొత్తగా నేర్చుకునేవాళ్లకి చెప్పే మాట. ఆవిడ ఆరేళ్లుగా నడుపుతున్నారు.

నాకూ ఆటిజమే, వయసు 44. మామూలుగా హారన్, పక్క బస్సు రొద, ఎదుటి లైటు, ఏసీ గాలి మొహానికి కొట్టడం, ఇవన్నీ కాసేపటికి వెనక్కి పోతాయి. మనలో చాలామందికి పోవు. అన్నీ ఒకేసారి ముందుకొచ్చి నిలబడతాయి. పైగా రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే బైకు, చెయ్యి కూడా చూపకుండా తిరిగే ఆటో. రూలు ప్రకారం ఆలోచించే బుర్రకి అన్నిటికన్నా బరువు ఇవే. అందుకే ధైర్యం సంగతి వదిలేసి, బుర్రలోకి వెళ్లేది ఎంత తగ్గించగలరో చూడండి.

మీది గేర్ల బండేనా? ఒకరోజు క్లచ్ ఎన్నిసార్లు తొక్కుతున్నారో లెక్కపెట్టండి. నేను 140 దాటాక లెక్క ఆపేసి, ఆ ఏడే ఆటోమేటిక్ కొన్నా. కారు లైసెన్స్ ఉంటే చాలు, దానికి వేరే లైసెన్స్ అక్కర్లేదు. కొనేముందు టెస్ట్ డ్రైవ్ మాత్రం ఖాళీ రోడ్డు మీద కాకుండా సాయంత్రం జామ్‌లో అడగండి. ఏఎంటీ బండ్లు (మామూలు గేర్‌బాక్స్‌నే మోటారుతో మార్చే రకం ఆటోమేటిక్) పాకుతున్నప్పుడు చిన్న కుదుపు ఇస్తాయి, కొందరం దాన్నే తట్టుకోలేం. నాకు సీవీటీ, అంటే మెట్లుమెట్లుగా గేర్లు మారకుండా సాఫీగా సాగే ఆటోమేటిక్, నప్పింది.

మ్యాప్‌లో మాట ఆపేయండి, గీత చాలు. కొత్తచోటికైతే ముందురోజు రాత్రి గూగుల్ మ్యాప్స్‌లో రోడ్డు ఫోటోలు చూపే స్ట్రీట్ వ్యూలో మలుపులు చూసుకోండి, 2022 నుంచి హైదరాబాద్‌కి ఉంది. రాత్రి వెనక హై బీమ్ గుచ్చుతుంటే లోపలి అద్దం కింద చిన్న మీట ఉంటుంది, అది తిప్పితే వెలుతురు తగ్గుతుంది. చెవులు పూర్తిగా మూసే ప్లగ్గులు, ఇయర్‌ఫోన్లు వద్దు. అంబులెన్స్ వినపడాలి.

ఇంకోటి. మీ అలసట కారులో మొదలవుతోందని నేననుకోను. పొద్దుంతా ఆఫీసులో నలుగురిలా మసలడానికే సగం ఖర్చయిపోతారు, తాళం తిప్పేసరికి మిగిలేది ఆ సగమే. ఆకలి, దాహం కూడా మనకి చాలాసార్లు ఆలస్యంగా తెలుస్తాయి. అందుకని ఇంటి సెల్లార్‌లో కూర్చునే టైంలోంచి పది నిమిషాలు ఆఫీసు పార్కింగ్‌లోనే కూర్చోండి, నీళ్లు తాగి, ఏదో ఒకటి తిని. నాకు ఆటోమేటిక్ కన్నా ఇదే ఎక్కువ పనిచేసింది. పైసా ఖర్చు లేదు.

జవాబు (డ్రైవింగ్ నేర్పేవాణ్ని): అమ్మా, దారిలో ఆగడానికి రెండు చోట్లు ముందే పెట్టుకో. పెట్రోల్ బంక్ అయినా సరే, ఏదైనా కాంప్లెక్స్ పార్కింగ్ అయినా సరే. తల మొద్దుబారినట్టు అనిపించగానే మెల్లగా ఎడమకి తీసి లోపలికి వెళ్లిపోవడమే. మలుపు తప్పితే తప్పనీ, ముందు యూటర్న్ ఉంటుంది. చివరి క్షణంలో లేన్ మార్చేవాళ్లనే నేను ఎక్కువ చూశా, దెబ్బలు అక్కడే. ఆందోళనకి మందులు వాడుతుంటే మత్తు వస్తుందా అని డాక్టర్‌ని అడుగు.

లైసెన్స్ సంగతి: లైసెన్స్‌కి మన ఆరోగ్యం గురించి మనమే రాసిచ్చే ఫారం 1లో ఫిట్స్, చూపు, వినికిడి లాంటివి అడుగుతారు. ఆటిజం పేరు లేదు. కానీ నీ డ్రైవింగ్ జనానికి ప్రమాదమయ్యే జబ్బు గానీ వైకల్యం గానీ ఇంకేమైనా ఉందా అని ఒక ప్రశ్న ఉంటుంది. దానికి నిజం రాయాలి. నువ్వు చెప్పినదాన్ని బట్టి నీ నడపడానికి వంక లేదు.

జవాబు (బర్మింగ్‌హామ్ నుంచి): ఇక్కడికొచ్చే మనవాళ్లకి ఒక మాట. బ్రిటన్‌లో ఆటిజం వల్ల డ్రైవింగ్ మీద ప్రభావం ఉంటే డీవీఎల్ఏకి (అక్కడ లైసెన్సులు చూసే ప్రభుత్వ సంస్థ) చెప్పి తీరాలి. అమెరికాలో కనెక్టికట్ 2020లో నీలం కవరు పద్ధతి పెట్టింది. బండి కాగితాలు అందులో ఉంచి పోలీసు ఆపినప్పుడు ఇస్తే, ఎదురుగా ఉన్నది ఆటిజం ఉన్న మనిషని అతనికి తెలుస్తుంది. మన దగ్గర చలాన్ కోసం ఆపినప్పుడు మాట పడిపోయేవాళ్లకి ఇలాంటిది ఉంటే బాగుండు.

అడిగినావిడ, మూడు వారాల తర్వాత: ఆఫీసు పార్కింగ్‌లో పది నిమిషాలు, రెండు పల్లీ చిక్కీలు. సెల్లార్‌లో ఇప్పుడు ఎనిమిది, పది నిమిషాలకు దిగుతున్నా. శుక్రవారాలు మాత్రం ఏం మారలేదు, అందుకే శుక్రవారం ఇంటి నుంచే పనిచేస్తానని అడిగా, ఇంకా జవాబు రాలేదు. వాచ్‌మన్‌కి సంగతి చెప్పా. అద్దం కొట్టడం మానేసి, నా బండి పైన ట్యూబ్‌లైటు ఆపేస్తున్నాడు. క్లచ్ లెక్క 96 దగ్గర తప్పింది, వెనకోడు హారన్ కొట్టాడు.