మన ఊళ్ల గాలిదుమారంలో ఉన్నది ఎక్కడి మట్టి?

ప్రశ్న – హనుమకొండ, ఉన్నత పాఠశాల సైన్సు ఉపాధ్యాయురాలు

అందరికీ నమస్కారం. గడచిన మే నెలలో ఒక సాయంత్రం మా వీధిలో పది నిమిషాల వ్యవధిలోనే ఆకాశం ఎర్రబారి, ఎదుటి ఇల్లు కనబడనంతగా గాలిదుమారం లేచింది. అరగంటలో అది తగ్గి, నాలుగు చినుకులు పడి, గాలి చల్లబడింది. సెలవుల తర్వాత బడి తెరిచినప్పుడు ఒక విద్యార్థి ఆ దుమ్ము రాజస్థాన్ ఎడారి నుంచి వచ్చిందా అని అడిగితే నేను గట్టిగా సమాధానం చెప్పలేకపోయాను. తెలిసీ తెలియని మాట పిల్లలకు చెప్పడం నాకు ఇష్టం లేదు. ఆ దుమ్ము ఎక్కడిదో ఎలా గుర్తించాలి? ధూళి వల్ల నష్టమేనా, ప్రకృతిలో దానికి వేరే పని ఏదైనా ఉందా?

సమాధానం – వరంగల్, వాతావరణ శాస్త్ర పరిశోధక విద్యార్థి

మేడం గారూ, మీరు చెప్పిన లక్షణాలను బట్టి అది ఈ చుట్టుపక్కల నేలల మట్టే. ఎండాకాలంలో క్యుములోనింబస్ మేఘం (నిట్టనిలువుగా పెరిగే ఉరుముల మేఘం) నుంచి జారే వాన, కింద ఉన్న పొడిగాలిలో చాలావరకు ఆవిరైపోతుంది. ఆ ఆవిరి కావడానికి కావలసిన వేడి గాలి నుంచే పోతుంది కనుక గాలి చల్లబడి, బరువెక్కి, వేగంగా కిందికి దిగి, నేలను తాకి నలువైపులా పరుచుకుంటుంది. ఆ గాలి అంచు లేపిన దుమ్మే మీరు చూసిన ఎర్రటి తెర. అందుకే ముందు దుమ్ము, వెనుక చల్లదనం, ఆపైన చినుకులు వస్తాయి. సుడాన్ రాజధాని ఖార్టూమ్‌లో ‘హబూబ్’ అని పిలిచే తుఫానులు పుట్టేదీ ఇలాగే. 2018 మే 2వ తేదీ రాత్రి ఉత్తరప్రదేశ్, రాజస్థాన్‌లలో వందమందికి పైగా ప్రాణాలు తీసిన దుమారంలోనూ ఉరుముల మేఘాల గాలే ఉంది.

దూరపు ధూళి తీరు వేరు. అది గాలివేగం పెద్దగా లేకుండానే రెండు మూడు రోజులు ఆకాశాన్ని పాలిపోయినట్లు చేస్తుంది. మీ విద్యార్థి అడిగిన రాజస్థాన్ ఎడారి, అంటే థార్ ధూళి వర్షాకాలానికి ముందు వీచే పడమటి గాలులతో ప్రధానంగా గంగా మైదానం మీదికి, హిమాలయాల మంచు మీదికి పోతుంది. మంచు నల్లబడితే ఎండను ఎక్కువగా పీల్చుకొని త్వరగా కరుగుతుంది.

పిల్లలకు తప్పక చెప్పదగిన విషయం మరొకటి ఉంది. గాలి సన్నని మట్టిని నేరుగా లేపలేదు. ఆ రేణువులు ఒకదానినొకటి గట్టిగా అంటిపెట్టుకొని ఉంటాయి. మిల్లీమీటరులో పదోవంతు నుంచి సగం వరకు ఉండే ఇసుక రేణువులు ముందుగా గెంతుతూ, పడిన ప్రతిచోటా నేలను కొట్టి, సన్నని ధూళిని చిమ్ముతాయి. 1930లలో లిబియా ఎడారిలో, ఆ తర్వాత ప్రయోగశాలలో గాలిని వీచేలా చేసే గొట్టంలో (గాలి సొరంగం) ఇసుక కదలికను కొలిచిన బ్రిటిష్ సైనిక ఇంజనీరు బ్యాగ్నాల్డ్ కృషి నేటికీ ఈ శాస్త్రానికి పునాది.

ఇక మీ రెండో ప్రశ్న. కాలిప్సో ఉపగ్రహం 2007 నుంచి 2013 వరకు ఇచ్చిన లైడార్ (లేజర్ కాంతితో గాలిలోని ధూళిని కొలిచే పరికరం) కొలతల ఆధారంగా, ఏటా సుమారు 2.77 కోట్ల టన్నుల సహారా ధూళి అట్లాంటిక్ దాటి అమెజాన్ అడవుల మీద పడుతోందని 2015లో అంచనా వేశారు. అందులో 22 వేల టన్నుల వరకు భాస్వరం ఉంటుంది. వానలకు, వరదలకు ఆ నేల కోల్పోయే భాస్వరం కూడా దాదాపు అంతే. మన రైతులు డీఏపీ సంచిలో కొనుక్కునే పోషకం అక్కడి అడవికి చాద్ దేశంలో ఎండిపోయిన ప్రాచీన సరస్సు అడుగు నుంచి కూడా గాలిమీద అందుతోందన్నమాట. మన వానల సంగతి చూస్తే, అరేబియా సముద్రం మీది ధూళి ఎండను పీల్చి గాలిని వేడెక్కించడం వల్ల తేమగాలి బలపడి, వారం రోజుల లోపే మధ్యభారతంలో వర్షం పెరుగుతుందని 2014లో ‘నేచర్ జియోసైన్స్’ పత్రికలో వచ్చిన పరిశోధన తెలిపింది.

సమాధానం – పరకాల ప్రాంత రైతు

పై మిత్రుడు చెప్పిన ఇసుక గెంతుల సంగతి చదివాక, ఇన్నేళ్లుగా నేను చూస్తున్నదానికి కారణం తెలిసింది. నాకు నాలుగెకరాల చెల్క ఉంది. పత్తి కట్టె తీసేశాక రోటవేటర్ తిప్పిన ఏడాది నేల పిండి అయిపోయి, ప్రతి గాలివానకూ ముందు మా చేను లేచిపోయేది. నాగలి దుక్కి చేసి పెళ్లలను అలాగే వదిలేసిన పక్క చేనులో అంత దుమ్ము ఉండేది కాదు. లేచిపోయేది వట్టి దుమ్ము కాదు, ఎరువు వేసి పోషించుకున్న పైమట్టి అని తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది. తర్వాత చెరువు పూడిక మట్టి తోలించాను. జిగట పెరిగి పెళ్లలు కడుతున్నందువల్ల ఇప్పుడు చాలా తేడా కనిపిస్తోంది. గట్ల మీద చెట్లు లేకపోవడం కూడా ఒక లోపమే; మా నాయన కాలంలో ఉన్న వేపలు, తుమ్మలు ఇప్పుడు లేవు.

సమాధానం – వరంగల్, వాతావరణ శాస్త్ర పరిశోధక విద్యార్థి

అన్నా, మీ పరిశీలన పూర్తిగా సరైనది. గాలి ముందుగా ఏరుకుపోయేది పోషకాలను పట్టి ఉంచే బంకమట్టిని, సేంద్రియ పదార్థాన్నే. 1930లలో అమెరికా మధ్య మైదానాల్లో గడ్డినేలలను దున్ని, కరువులో బోసిగా వదిలినందుకే పెద్ద ధూళి తుఫానులు వచ్చాయి. 1935 ఏప్రిల్ 14న వచ్చిన తుఫానుకు పగలే చీకటి కమ్మింది. అదే నెలలో అక్కడ నేల పరిరక్షణ చట్టం తెచ్చారు. జోధ్‌పూర్‌లోని కేంద్ర శుష్కప్రాంత పరిశోధన సంస్థ కూడా గాలికి అడ్డంగా చెట్ల వరుసలు పెంచే పద్ధతి మీద దశాబ్దాలుగా పని చేస్తోంది.

మేడం గారూ, మీ విద్యార్థులు దీన్ని స్వయంగా కొలవవచ్చు. వెడల్పాటి పళ్లెంలో గాజు గోళీలు పరచి ఆరుబయట ఉంచితే, వాటి సందుల్లో పడిన దుమ్ము మళ్లీ గాలికి లేవదు. పరిశోధకులు కూడా వాడే పద్ధతే ఇది. నెలకొకసారి శుభ్రమైన నీటితో కడిగి, ఆరబెట్టి తూచండి. ఉబ్బసం ఉన్న పిల్లలను మాత్రం దుమ్ము తూచే పనికి దూరంగా ఉంచండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. వచ్చే ఫిబ్రవరి నుంచి రోహిణి కార్తె ముగిసేదాకా మూడు పళ్లేలు పెట్టాలని నిర్ణయించాము: ఒకటి బడి డాబా మీద, ఒకటి చెరువు కట్ట మీద. మూడోది దున్నిన చేను అంచున ఉండాలి. పరకాల అన్నగారూ, మీ చేనులో పెట్టుకోవడానికి అనుమతిస్తారా?

పరకాల ప్రాంత రైతు

తప్పకుండా పెట్టుకోండమ్మా. అయితే ఒకటి కాదు, రెండు తీసుకురండి. చెరువు మట్టి తోలని మడి ఇంకొకటి మిగిలి ఉంది. దాని అంచున కూడా ఒకటి పెడదాము.