నాన్నగారి స్టూడియో నెగెటివ్‌లలో చిన్ననాటి మిత్రుడి కుటుంబం: ఫొటో ముందు పంపాలా, పలకరింపు ముందా?

చల్లపల్లివాసి:
కృష్ణా జిల్లా చల్లపల్లిలో మా నాన్నగారు 1994 వరకు ఫొటో స్టూడియో నడిపారు. కలర్ ల్యాబుల ధాటికి అది మూతపడింది. ఆయన పోయిన తరువాత అటక మీది రేకు పెట్టెను దింపితే నలుపు-తెలుపు నెగెటివ్‌లు, నాలుగు బౌండు రిజిస్టర్లు బయటపడ్డాయి. ప్రతి కవరు మీదా ఒక నంబరు, రిజిస్టరులో ఆ నంబరుకు ఎదురుగా ఇంటిపేరు, ఊరు, సైజు, ముట్టిన అడ్వాన్సు ఆయన దస్తూరీలోనే ఉన్నాయి.

1975 రిజిస్టరు తిరగేస్తుండగా హైస్కూల్లో నా పక్కన కూర్చున్న మిత్రుడి ఇంటిపేరు కనిపించింది. వాళ్లది కోడూరు అవతల, సముద్రానికి దగ్గరి ఊరు. వాళ్ల అక్కను పెళ్లివారికి చూపడానికి ఫొటో కావలసి అందరూ బస్సెక్కి వచ్చిన రోజు నాకు గుర్తుంది. కవరులో మూడు నెగెటివ్‌లు ఉన్నాయి. రెండు వాళ్ల అక్కవి. మూడోది మా ఇద్దరిదీ; 120 రోలులో పన్నెండో ఫ్రేము మిగిలిపోతే వృథా చేయడం ఇష్టంలేక నాన్నగారు మమ్మల్ని తెర ముందు నిలబెట్టి తీశారు.

1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో అతని తల్లి, తమ్ముడు పోయారు. ఇల్లు ఆనవాలు లేకుండా కొట్టుకుపోయింది. మరుసటి ఏడు తండ్రీకొడుకులు ఉన్న పొలం అమ్ముకుని కర్ణాటకలో సింధనూరు వైపు ఏదో క్యాంపుకు, అంటే వలస వెళ్లిన తెలుగు రైతుల ఊరికి, వెళ్లారని విన్నాను. ఆ తరువాత ఒక్క ఉత్తరమూ లేదు. నేనూ రాయలేదు, ఆ తప్పు నాదే. ఇన్నేళ్లకు అతన్ని వెతకడం ఎలా? దొరికితే ముందు ఫొటో పంపాలా, మాట్లాడాలా? ఈ నెగెటివ్‌లను చెడగొట్టకుండా ప్రింటు వేయించే దారి కూడా చెప్పగలరు.

డార్క్‌రూమ్ మనిషి:
భీమవరంలో ఇరవై ఆరేళ్లు స్టూడియోలో పనిచేసిన అనుభవంతో రాస్తున్నాను. ముందు పెట్టె మూత తీసి వాసన చూడండి. వెనిగర్ లాంటి పులుపు ఘాటు వస్తుంటే ఆ ఫిల్మ్ పాడవడం మొదలైందని అర్థం. అటువంటి వాటిని తక్కిన వాటి నుంచి వేరుచేసి, పొడిగా, చల్లగా ఉండే చోట కాగితపు కవర్లలో పెట్టండి. ఒకదానికొకటి అంటుకున్న వాటిని గోటితో లాగవద్దు. దుమ్మును రబ్బరు బంతి బ్లోయరుతో గాలి ఊది పోగొట్టాలే కాని పంచె కొంగుతో తుడవకూడదు.

నెగెటివ్‌ను ఏటవాలుగా పట్టుకుంటే ఒక వైపు మెరుస్తుంది, మరొక వైపు మెరుపు లేకుండా ఉంటుంది. ఆ మెరుపు లేని వైపు, ముఖం ఉన్న చోట సన్నని పెన్సిలు గీతలు కనిపిస్తే మురికి అనుకొని చెరపవద్దు. కళ్ల కింది నీడలు, మొటిమల మచ్చలు పోగొట్టడానికి మేము చెక్కిన పెన్సిలుతో గంటలకొద్దీ చేసిన టచప్ అది. మీ విషయంలో అది మీ నాన్నగారి చేతిపని. స్కాన్ చేయించేటప్పుడు నెగెటివ్‌లను స్కాన్ చేసే యంత్రం ఉందో లేదో అడగండి, మామూలు జిరాక్సు షాపు స్కానరుతో రాదు. 2400 డీపీఐ చాలు.

అన్నింటికంటే ముఖ్యమైన మాట: ఫ్రేము మొత్తం స్కాన్ చేయమనండి. పెళ్లిచూపుల ఫొటోకు మేము దూరం నుంచే తీసి, ప్రింటులో చుట్టూ కత్తిరించేవాళ్లం. ఇంటికి వెళ్లిన కార్డులో అమ్మాయి ఒక్కతే ఉంటుంది. నెగెటివ్‌లో తెర అంచు, లైటు స్టాండు, ఒక్కోసారి పక్కన నిలబడ్డ మనుషులూ ఉంటారు.

క్యాంపు కోడలు:
నేను గంగావతి దగ్గర ఒక క్యాంపులో ముప్పై ఏళ్లుగా ఉంటున్నాను. తుంగభద్ర ఎడమ కాలువ కింద భూములు కొనుక్కుని కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన రైతులే ఇక్కడి తెలుగు క్యాంపులకు మూలం. మీ దగ్గరున్న పాత చిరునామాలో రాయచూరు జిల్లా అని ఉంటే ఒక జాగ్రత్త అవసరం. 1997లో కొప్పళ జిల్లా విడిపోయినప్పుడు గంగావతి అందులోకి వెళ్లింది. సింధనూరు మాత్రం రాయచూరులోనే ఉంది. కాబట్టి రెండు వైపులా వెతకాలి.

ఇక్కడ మనిషి పేరు చెప్పి అడిగితే ఎవరూ పోల్చుకోలేరు, ఒక్కొక్క క్యాంపులో అదే పేరు పది మందికి ఉంటుంది. ఇంటిపేరు, వదిలివచ్చిన ఊరు, వచ్చిన సంవత్సరం కలిపి, ‘ఉప్పెన తరువాత దివిసీమ నుంచి వచ్చినవాళ్లు’ అని ఎరువుల దుకాణంలోనో బియ్యం మిల్లులోనో అడగండి. పంట అప్పుల లెక్కలున్న చోట అందరి వంశవృక్షాలూ ఉంటాయి. ఇంటిపేరు ఇక్కడ రాయకుండా నాకు విడిగా పంపితే మా మామగారిని కనుక్కుంటాను.

అవనిగడ్డ పాత విద్యార్థి:
ఫొటోను ఫేస్‌బుక్ బృందాల్లో పెట్టి ‘ఈయన తెలుసా’ అని అడగమని ఎవరైనా సలహా ఇస్తే దయచేసి వినవద్దు. అందులో ఉన్నది పెళ్లి కోసం తీయించుకున్న ఒక ఆడపిల్ల ముఖం, ఆవిడ ఇప్పుడు ఎవరింటి నాయనమ్మో. చట్టం మాట కూడా అదే: 1957 కాపీరైట్ చట్టం ప్రకారం డబ్బు ఇచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేనప్పుడు, తీయించుకున్నవారే మొదటి హక్కుదారులు. నెగెటివ్ మీ అటక మీద ఉన్నంత మాత్రాన బొమ్మ మీది కాదు.

మా ఇంట్లోనూ 1977కు ముందరి ఫొటో ఒక్కటి లేదు. ఎవరో ఒకరు హఠాత్తుగా వాట్సాప్‌లో మా తాతగారి బొమ్మ పంపి ఉంటే, చేలో గట్టు మీద నిలబడి దాన్ని తెరిచి ఉంటే నేనేమైపోయేవాణ్నో ఊహించలేను. ముందు మాట్లాడండి. ఫలానాది ఉందని చెప్పండి. ఎప్పుడు చూడాలో ఆయన్నే తేల్చుకోనివ్వండి.

చల్లపల్లివాసి:
ఏడు వారాల తరువాత రాస్తున్నాను. క్యాంపు కోడలుగారి మామగారు మూడో రోజుకే ఆచూకీ చెప్పారు. సింధనూరుకు ఇవతల, మేము అనుకోని క్యాంపు. విజయవాడలో ఫ్రేము మొత్తం స్కాన్ చేయించాను. డార్క్‌రూమ్ మనిషిగారు, మీరు చెప్పింది అక్షరాలా నిజమైంది. అక్క మొదటి నెగెటివ్‌లో, మేడమెట్లు గీసిన తెర ముగిసి స్టూడియో గోడ మొదలయ్యే చోట, కుచ్చిళ్లు సర్దడానికి వంగి చెయ్యి చాపిన వాళ్ల అమ్మ ఉంది. నాన్నగారు తొందరపడి నొక్కినట్టున్నారు, అందుకే రెండోది తీశారు. ముఖం పక్కకు తిరిగి ఉన్నా స్పష్టంగా తెలుస్తోంది. వాళ్లకు ఇచ్చిన కార్డులో ఈ భాగం ఉండే అవకాశం లేదు.

ఫోను చేశాను. గొంతు గుర్తుపట్టలేదు కాని, స్టూడియో పేరు చెప్పగానే ‘ఒరేయ్ నువ్వా’ అన్నాడు. అర్ధగంట వరి ధర గురించి, మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకున్న తరువాత నెగెటివ్ సంగతి చెప్పాను. చాలాసేపు మాట రాలేదు. తరువాత, అమ్మ ఏ చీర కట్టుకుందిరా అని అడిగాడు. గళ్ల చీర, అంచు వెడల్పు అని చెప్పాను. నలుపు-తెలుపులో రంగు తెలియడం లేదన్నాను. ‘ఆకుపచ్చ’ అన్నాడు.

పోస్టులో పంపవద్దన్నాడు. నాట్లు పూర్తవగానే అక్కను తీసుకుని తానే వస్తాడట. ఎనిమిది బై పది సైజులో మూడు ప్రింట్లు వేయించి ఉంచాను, అక్కకొకటి, అతనికొకటి. మూడోది మా ఇద్దరిదీ, అందులో అతని చొక్కాకు పై గుండీ లేదు.